ప్రసన్న ప్రోగ్రాం, లచ్చి దరఖాస్తు

తల్లి భూమవ్వ బీడీలు చుట్టి ప్రసన్నను డిగ్రీ దాకా చదివించింది. రెండువేల ఆరులో ఆ పిల్ల బాన్సువాడ బస్టాండు ఎదురుగా చందూలాల్ సేటు నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో హాస్కెల్ అనే ప్రోగ్రాం భాష తనంతట తానే నేర్చుకుంది. ఆ భాషకు ఊళ్లో నౌకరీ ఇచ్చేవాళ్లెవరూ లేరు. అయినా దాని మీద మనసు పడింది. అందులో రాసిన ఫంక్షన్ అనే లెక్క ముక్క చాటుగా దేన్నీ మార్చదు. అవే అంకెలిస్తే ఎప్పుడూ అదే జవాబు. మనుషుల్లో అంత నిలకడ ఆమె చూడలేదు.

సెంటర్‌కు వచ్చే పోరగాళ్లు సెట్టింగులు కెలికితే రోజూ నెట్ ఆగిపోయేది. ప్రసన్న ఆ భాషలోనే ఒక ప్రోగ్రాం రాసింది. ఎవరేం మార్చినా కాసేపటికే అది కంప్యూటర్లన్నింటిలో, నెట్‌కు దారి చూపే మోడెం అడ్రసును మళ్లీ ముందున్నట్టే రాసేది. ఎన్ని తీర్ల పరీక్షించినా అందులో తప్పు దొరకలేదు.

మరుసటేడు ఎండాకాలంలో తండా నుంచి లచ్చి అనే పిల్ల వచ్చింది. నర్సు చదువుకు దరఖాస్తు నెట్‌లోనే పెట్టాలి.

"ఇయ్యాల్నే ఆఖరట అక్కా. సాయంత్రం అయిదుకు బందైతదట."

ముందురోజే సేటు కొత్త మోడెం పెట్టించాడు. పొద్దున్నుంచి నెట్ లేదు. ప్రసన్న చేత్తో సెట్టింగులు మారిస్తే ఒక్క క్షణం వచ్చేది, మళ్లీ పోయేది. మోడెం మీద అనుమానపడింది. వైర్లు మార్చింది. టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఇంకో సెంటర్‌కు పోవాల్నా అక్కా?" అంది లచ్చి.

"ఆగు, గిప్పుడే అయిపోతది."

లచ్చి నమ్మి కూర్చుంది. అయిదు దాటింది. ఇక చేసేదేమీ తోచక ప్రసన్న తన ప్రోగ్రాంను ఆపి, సెట్టింగులు మళ్లీ చేత్తో మార్చింది. వెంటనే నెట్ వచ్చింది, మళ్లీ పోలేదు. కొత్త మోడెం అడ్రసు వేరు. ఆమె ప్రోగ్రాం మాత్రం తనకు చెప్పినట్టే, పొద్దంతా పాత అడ్రసే రాస్తూ కూర్చుంది. ఊళ్లోని వైర్లన్నింటినీ అనుమానించింది గానీ, తన ప్రోగ్రాంను మాత్రం ఆమె అనుమానించలేదు.

"తప్పు నాదే లచ్చీ," అంది ప్రసన్న.

"మిషిన్ ముచ్చట నీ చేతుల ఉంటదా అక్కా? ఫికర్ జెయ్యకు," అని లచ్చి చెప్పులేసుకొని ఆటో కోసం పోయింది. ఆ ఓదార్పు ప్రసన్నను తిట్టుకన్నా ఎక్కువ కోసింది.

దసరా దాటాక చెరుకు నరికే కూలీల ట్రాక్టర్‌లో లచ్చి కనబడింది. మెడలో కొత్త పుస్తె. "బాగున్నవా అక్కా?" అని నవ్వుతూ చెయ్యూపింది. ప్రసన్న చెయ్యి లేవలేదు.

ప్రోగ్రాంను ఆమె ఏనాడో తుడిచేసింది. సేటు మళ్లీ రాయమన్నా రాయలేదు. కొన్నాళ్లకు సెంటర్ మూతబడింది. "పట్నం పోయి నౌకరీ ఎతుక్కోరాదు బిడ్డా," అని భూమవ్వ ఎన్నోమార్లు అడిగింది. ప్రసన్న తల్లి పక్కనే కూర్చుని, తలెత్తకుండా బీడీలు చుట్టే తునికాకు కత్తిరిస్తూనే ఉండేది.