పెద్దమ్మ మెచ్చిన పలనాటి రాయి

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మాచర్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. పొద్దున టీ తాగి, ఎప్పటిలాగే గ్లాసు తనే కడిగి బోర్లించి, మంచం మీద వాలిందట. మళ్లీ లేవలేదు.

ఆమెకు నాపరాయంటే ఎంత కోపమో మా వీధంతటికీ తెలుసు. ఆమె భర్త, మేం పెదనాన్న అని పిలిచే ఆయన, క్వారీలో నాపబండలు కోసేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి, నడివయసులోనే పోయాడు. పెద్దమ్మ మిరపకాయల కోతలకు వెళ్లి కూతుర్ని పెంచింది. ఎవరైనా కొత్త బండలు పరిపించుకుని చూడటానికి రమ్మంటే కదిలేది కాదు.

"మనుషుల్ని తినే రాయి. దాంట్లో చూసేదేందే?" అనేది.

నిరుడు బందరులో పెళ్లికి ఆమెను వెంట తీసుకెళ్లాను. తిరుగుదారిలో ఘంటసాలలో ఆగాం. ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవు అది. ఇప్పుడు చుట్టూ వరిచేలే. ఎండ భరించలేక నాతోపాటు అక్కడి మ్యూజియంలోకి వచ్చింది పెద్దమ్మ. నేను ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ ముందుకు వెళ్లిపోయాను. వెనక్కి చూస్తే ఆమె బొమ్మలు చెక్కిన ఒక రాతిపలక దగ్గరే నిలబడి ఉంది. దానిమీద కాళ్లకు కడియాలతో ఆడవాళ్లు వంగి మొక్కుతున్నారు. ఒంటి మీది బట్ట గాలికి కదులుతుందేమో అన్నంత పల్చగా ఉంది.

"ఇదేం రాయి నాయనా?" అని అక్కడి ఉద్యోగిని అడిగింది.

"పలనాటి సున్నపురాయమ్మా. అటునుంచి కృష్ణలో పడవల మీద తెచ్చారంటారు."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "మనదా?"

"మనదే పెద్దమ్మా. మన నాపరాయి కూడా సున్నపురాయే. దాదాపు రెండు వేల ఏళ్లయింది."

ఆమె మళ్లీ పలక వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది. "దీన్ని కోసినోళ్లు కూడా దగ్గి దగ్గి పోయుంటారే."

రాతి మీంచి చూపు తిప్పకుండానే మళ్లీ అంది.

"మీ పెదనాయన కోసిన బండలు కూడా యాడో ఒక ఇంట్లో ఉంటయ్యిలే. వాటిమీద పిల్లలు పాకతా ఉంటారు."

ఆయన పోయాక ఆయన పని గురించి ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు. కారులో ఊరు చేరేదాకా ఆయన సంగతులే చెప్పింది. రాయిని సుత్తితో తట్టి, ఆ చప్పుడు విని, పగులుందో లేదో ఎట్లా చెప్పేవాడో చెబుతూ నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు ఆమె తలపుకొస్తే నాకు ఆ మ్యూజియం గదే కనిపిస్తుంది. ముట్టుకోవద్దని చెప్పారని చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి రాతికి తగిలేంత దగ్గరగా మొహం పెట్టి, అట్లా చూస్తూనే ఉంది పెద్దమ్మ.