పక్కింటి బావ కారు కూత

నా చిన్నప్పుడు మా సందులోకి ఏ కారు వస్తోందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. అందులో గొప్పేమీ లేదు. మెదక్‌లో మేమున్న ఆ సందులో ఉన్నవే రెండు కార్లు, రెండూ కిరాయికి తిరిగే పాతవి. ఒకటి మా నాయనది. రెండోది పక్కింటి అక్క భర్తది. ఆయనను నేను బావా అని పిలిచేదాన్ని. బావ కారు మలుపు తిరుగుతుంటే సన్నగా కూత వచ్చేది. వేగం పెరిగితే కూత కూడా పెరిగేది. అది వినగానే అక్క కూర మళ్లీ పొయ్యి మీద పెట్టేది.

ఒక వానాకాలం బావ కారు నర్సాపూర్ అడవి దారిలో చెట్టుకు గుద్దుకుంది. ఆయన అక్కడికక్కడే పోయాడు. అప్పటికి అక్క పచ్చి బాలింత. బాలింత శవాన్ని చూస్తే బిడ్డకు కీడని పెద్దవాళ్లు ఆమెను లోపలి గదిలోనే ఉంచి, వాకిట్లో కావలసిందంతా కానిచ్చారు. మా అమ్మ పక్కన కూర్చుని ఆ పసివాడి చెవులు మూసింది. ఏడుపులు విన్నది అక్క. డప్పులు విన్నది. ముఖం మాత్రం చూడలేదు.

ఆ తర్వాత ఆమె ఏడవలేదు. అదే మమ్మల్ని భయపెట్టింది. పగలంతా అందరితో మామూలుగానే మాట్లాడేది. పొద్దు గూకేసరికి రెండు కంచాలు పెట్టేది. ఒకదాని మీద మూత బోర్లించి, రెండోది ముట్టకుండా కూర్చునేది. పోయినవాడికి పెడుతోందని మా అమ్మ మొదట అనుకుంది. కాదు, వచ్చేవాడికి పెడుతోంది. తిండి లేక అక్కకు పాలు తగ్గాయి. పిల్లవాడు రోజురోజుకూ సన్నబడ్డాడు. "ఏడ్వకపోతే తల్లీ దక్కది, పిల్లగాడూ దక్కడు" అని అమ్మ నాయనతో గుసగుసగా అనడం విన్నాను.

ఆ రోజుల్లోనే మా కారు ఆల్టర్నేటర్ చెడిపోయింది. అందరూ దాన్ని డైనమో అనేవారు. ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్యాటరీకి కరెంటు అందించేది అదే. అది పోతే ముందు దీపాలు మసకబారతాయి, తర్వాత కారే మొండికేస్తుంది. నేను బడికి పోని పిల్లను కాబట్టి నాయన వెంట మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఆ మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. కొత్తది వేద్దామా అని నాయన అడిగితే ఆయన పడీపడీ నవ్వాడు.

"కొత్తదా? నీ కారమ్మితే గూడ దానికి చాలదు."

పాతదానికి తీగ మళ్లీ చుట్టించి వాడేవాళ్లున్నారు. మేము అంతకుముందు అదే చేశాం, ఎండాకాలం దాటకుండానే కాలిపోయింది. ఇక మిగిలిన దారి ఒకటే. ఉస్తాద్ దాన్ని చెప్పడానికి కాస్త తటపటాయించాడు. షెడ్డు వెనక పడి ఉన్న బావ కారు, మాది ఒకే రకం. చెట్టు తగిలింది డ్రైవరు వైపు. డైనమో అవతలి వైపు ఉంది, దానికి దెబ్బ తగల్లేదు.

"సచ్చినోని బండిది ఎట్ల వేస్త ఉస్తాద్?" అన్నాడు నాయన.

"ఇనుముకు సావేంది? అయినా ఆ పిల్లనడుగు. లేకుంటే పాత ఇనుపోడు తూకానికేసుకొని పోతడు."

నాయన అక్క గడపలో నిలబడి ఎంతో ఇబ్బందిగా అడిగాడు. ఆమె చాట పక్కన పెట్టి వెంటనే, "తీస్కపో కాకా. ఆయనొచ్చినంక నేను జెప్త" అంది. నాయన దాని ఖరీదు ఆమె మరిది చేతిలో పెట్టి వచ్చాడు.

ఉస్తాద్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పాడు. కాలిన వాసన ఉందేమోనని మూచూశాడు. బెల్టు గాడి, బోల్టు రంధ్రాలు సరిపోయాయో లేదో చూసుకుని బిగించాడు. దీపాలు తెల్లగా వెలిగాయి. బేరింగ్ ఒక్కటే అరిగిందనీ, కూత దానివల్లేననీ చెప్పాడు. కొత్త బేరింగ్ హైదరాబాద్ నుంచి రావాలి. "అందాక కూయనీ" అన్నాడు.

ఆ సాయంత్రం మా కారు బావ కూతతో మలుపు తిరిగింది. అక్క తలుపు తెరుచుకుంది. చంకలో పిల్లవాడితో, కొంగు సర్దుకుంటూ, నవ్వుతూ వచ్చింది. నాయన దిగాడు. ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక ఆమె ముఖం మీదే కాసేపు ఉండిపోయింది.

మర్నాటి నుంచి నాయన మలుపు దగ్గరే ఇంజను ఆపేసేవాడు. ఇద్దరం ఇంటిదాకా తోసుకుని వచ్చేవాళ్లం. "నువ్వు కారును తిప్పుతున్నవా, కారే నిన్ను తిప్పుతున్నదా?" అని దుకాణం దగ్గరివాళ్లు నవ్వేవారు. నాయన కూడా నవ్వేవాడు. ఇంతకన్నా మంచి మనిషి ఉండడని నాకు అనిపించేది. ఒకరోజు అక్క మలుపు దాకా నడిచి వచ్చి మాకు ఎదురుగా నిలబడింది.

"ఎందుకు కాకా నూకుతున్నవ్?"

"బండి ఆగింది బిడ్డా."

"అబద్ధం జెప్పకు. అందరు కలిసి ముఖం సూడనియ్యలేదు. ఇప్పుడు సప్పుడు గూడ ఇననియ్యరా? రోజూ గా కూత రావాలె. అది వచ్చినప్పుడల్లా నువ్వే దిగాలె. గట్లన్న నా పానం నమ్ముతదేమో."

నాయన కారులో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు.

ఇక ప్రతి సాయంత్రం అదే. కూత వచ్చేది, తలుపు తెరుచుకునేది. నాయన దిగి, ఆమెకు తన ముఖం కనబడేలా నిలబడి, "నేనే బిడ్డా" అనేవాడు. ఆ మాట కోసం ఆయన దారి పొడవునా ధైర్యం కూడగట్టుకునేవాడని పక్కన కూర్చున్న నాకు తెలుసు. నాకు మాత్రం వెనక సీటు వైపు తల తిప్పాలంటే భయం. అక్కడ ఎవరో దిగకుండా కూర్చుని ఉన్నట్టుండేది.

ఒక సాయంత్రం అక్క నాయన వైపు చూడలేదు. తిన్నగా వచ్చి, వేడిగా ఉన్న బానెట్ మీద అరచేయి పెట్టింది. ఆమె లోపలి నుంచి ఒక కేక వచ్చింది. అటువంటిది నేను మళ్లీ వినలేదు. అమ్మ పరుగెత్తబోతే నాయన చేయి అడ్డం పెట్టాడు. "ఏడ్వనీ" అన్నాడు. ఆ పూట అక్క ఒక్క కంచమే పెట్టుకుంది. కూర్చుని తిన్నది.

బేరింగ్ వచ్చాక ఉస్తాద్ మార్చేశాడు. పిల్లవాడు కోలుకున్నాడు. మా కారు నిశ్శబ్దంగా ఇంటికి రావడం మొదలుపెట్టింది. కానీ మలుపు రాగానే నా చెవులు వాటంతటవే ఆ కూత కోసం ఎదురుచూసేవి. ఇన్నేళ్లయినా, పొద్దు గూకే వేళ ఎక్కడైనా సన్నగా అటువంటి చప్పుడు వినబడితే చేతిలో పని ఆగిపోతుంది. ఎవరు దిగుతారోనని గుమ్మం వైపు చూస్తాను.

దాచిపెట్టడమే దయ అని, అక్క ఆ కేక పెట్టిన రోజు దాకా అనుకున్నాను. ఇప్పుడు చావు ఇంటికి వెళితే ముందు శవం వైపు చూడను. లోపలి గదిలో ఎవరిని కూర్చోబెట్టారో వెతుకుతాను. ఒక్కోసారి బాలింత ఉంటుంది, ఒక్కోసారి పసిపిల్ల. చేయి పట్టుకుని బయటికి తీసుకొస్తాను. పెద్దవాళ్లు తిడతారు, తిట్టనిస్తాను. ముఖం మీది గుడ్డ తొలగించి, "సూడు తల్లీ" అంటాను. ఆమె చూసి, నమ్మి, మొదటి కేక పెట్టేదాకా ఆ చేయి వదలను.