ఎండుమిర్చి తొడిమల పెరుగు

మడికొండలో ఉద్యోగానికి కొత్తగా వెళ్తున్న ఆ రోజుల్లో, ప్రతి చిక్కుకూ ఒక కారణం ఉంటుందనీ, ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ పోతే అది దొరికి తీరుతుందనీ నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే నా పని కాబట్టి ఆఫీసులో ఆ నమ్మకం బాగానే చెల్లింది. దాన్నే మట్టెవాడలోని మా వంటింట్లోకి తీసుకురావడం, అదీ అమ్మ పోయిన కొత్తలో, ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. (ఆ రోజుల్లో నవ్వుకోదగ్గది ఏదైనా జరిగిందంటే ఇదొక్కటే. అందుకే రాస్తున్నాను.)

అమ్మ పోయిన రోజు ఇంటి పెత్తనం పెద్ద మేనత్త చేతికి వెళ్లింది. చావు జరిగిన ఇంట్లో వండినవి, పట్టి ఉంచిన నీళ్లు, పాలు, పెరుగు ఏవీ ఉంచకూడదు. అత్త గిన్నెలన్నీ మోరీలో ఒంపేసింది. పచ్చళ్ల జాడీల దగ్గర మాత్రం ఆగి, "ఉప్పు వడ్డదానికి మైల అంటదు" అని తీర్పు చెప్పి వదిలేసింది. (మా ఇంటి ఆవకాయ అత్తకు ఇష్టం.) పెరుగు గిన్నె కూడా ఆ వరసలోనే ఖాళీ అయింది. అమ్మ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చిన తోడే ఏనాడూ తెగకుండా ఆ గిన్నెలో నడుస్తోందని నేను చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. ఎవరు చెప్పారో గుర్తు లేదు. బహుశా ఎవరూ చెప్పలేదు.

దినాలు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. నేనూ బాపూ మిగిలాం. బాపు పొద్దంతా మా కిరాణా దుకాణంలో కూర్చునేవాడు. రాత్రి కూరతో, చారుతో నాలుగు ముద్దలు తిని, పెరుగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కడుక్కునేవాడు. పెరుగన్నం లేనిదే భోజనం అయిందని ఒప్పుకోని మనిషి ఆయన. నేను ప్యాకెట్ పెరుగు తెచ్చి ముందు పెడితే, దానివైపు చూసి లేచిపోయాడు. తర్వాత చారు కూడా మానేశాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. ఏమైందని అడిగితే, "ఏం లేదు బిడ్డా, కడుపు నిండింది" అనేవాడు. నాకు భయం పట్టుకుంది. అప్పటికే ఒకరిని పోగొట్టుకున్న ఇల్లు అది. పెరుగే కారణమని తేల్చుకుని పనిలోకి దిగాను.

మొదట గోడపక్క చిన్నమ్మ దగ్గరికి కాస్త తోడు కోసం వెళ్లాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడేది.

"దీపం వెట్టినంక పెరుగు బయటికి ఇయ్యరు బిడ్డా. ఏమనుకోకు, పొద్దుగాల రా" అంది.

పొద్దున వెళ్తే, "ఇంక తానం చెయ్యలే, ముట్టుకోను. జర ఆగు" అంది. ఆగితే ఆఫీసు బస్సు వెళ్లిపోతుంది. సాయంత్రం దీపానికీ పొద్దుటి స్నానానికీ మధ్య ఆమె పెరుగు నాకు అందకుండా భద్రంగా ఉండిపోయింది. చివరికి ఒక ఆదివారం తనే గిన్నె నిండా తెచ్చి, "ముఖం గట్ల వెట్టకే, తీస్కో" అని చేతిలో పెట్టింది. గడ్డపెరుగు. నిజంగా బాగుంది. బాపు దాన్నీ ముట్టలేదు.

అంటే ఎవరి పెరుగూ పనికిరాదు, అమ్మదే కావాలి అనుకున్నాను. ఆఫీసులో నా పక్క సీటు పిల్ల మైక్రోబయాలజీ చదివి, మాలాగే తప్పులు వెతికే పనిలోకి వచ్చింది. అందరం ఆమెను సైంటిస్ట్ అనేవాళ్లం. భోజనాల దగ్గర ఆమెకు సంగతి చెప్పాను.

"పెరుగు చేసే ల్యాక్టోబాసిల్లస్ ఏడికి పోదే" అంది డబ్బా మూత తీస్తూ. "బియ్యం మీద ఉంటది, మిరపకాయ తొడిమె మీద ఉంటది, గాలిల ఉంటది, నీ చేతుల మీద గూడ ఉంటది. మీ అమ్మ అన్నేండ్లు వండిన వంటింట్ల లేకుండ ఏడికి పోతది?"

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ పూట ఇంకే పనీ సాగలేదు.

ఆ సాయంత్రం నుంచి మా వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులు బారు తీరాయి. పాలు కాచి, వేలు పెట్టగలిగే వేడికి ఆరనిచ్చి, ఒకదాంట్లో ఎండుమిరపకాయల తొడిమలు వేశాను. ఒకదాంట్లో పులిసిన ఇడ్లీ పిండి, ఇంకొకదాంట్లో చింతపండు. బియ్యం కడిగిన నీళ్లకు గుడ్డ కట్టి పులియబెట్టి, వాటినీ పాలలో కలిపాను. ఒక గ్లాసు పాలలో మాత్రం ఏమీ వేయకుండా, మూత పెట్టకుండా, అమ్మ నిలబడి కూరగాయలు తరిగే చోట ఉంచాను. గాలిలో ఉన్నది తనంతట తనే దిగుతుందని నా లెక్క. ఆఫీసు అలవాటు కొద్దీ అన్నిటికీ పసుపు చీటీలు అంటించాను.

చింతపండు వేసిన పాలు విరిగాయి. ఇడ్లీ పిండి పెరుగు తోడుకుంది గానీ మెంతుల వాసన వేసింది. బియ్యపు నీళ్ల గ్లాసులో పైన జున్నులాంటి ముద్ద, కింద పచ్చటి తేట మిగిలాయి. గాలికి పెట్టిన గ్లాసులోకి దిగింది ఒక ఈగ. తొడిమల పెరుగు మొదటిసారి తీగలు సాగింది. దాన్నే తోడుగా వేసి చూస్తే రెండోసారి తెల్లగా, మెత్తగా పేరుకుంది. ఆ ఆనందంలో దుకాణంలోని మిర్చి బస్తా మీద పడి, దొరికినన్ని తొడిమలు తుంపి తెచ్చుకున్నాను.

మర్నాడు ఎవరో బేరానికి వచ్చి, "సేటూ, ఈ మిర్చికి తలకాయలేవి?" అని అడిగారట. ఆ సాయంత్రం బాపు వంటింట్లోకి వచ్చాడు. అమ్మ పోయాక ఆయన అందులో అడుగు పెట్టడం అదే మొదలు.

"ఇది వంటిల్లా, దవాఖాన ల్యాబా?"

చెప్పాను. సైంటిస్ట్ చెప్పినదంతా, బ్యాక్టీరియాతో సహా. ఆయన బియ్యపు నీళ్ల గ్లాసు వాసన చూసి, "ఇది మనుషులు తినేదా, చెట్లకు పోసేదా?" అన్నాడు. తర్వాత ఒక్కొక్క చీటీ చదువుతూ వచ్చాడు. ఈగ పడిన గ్లాసు మీద 'అమ్మ నిలబడే చోటు' అని రాసి ఉంది. అక్కడ ఆగిపోయాడు. ఈగను వేలితో తీసి పారేశాడు.

"మీ అమ్మ పెరుగు అంత గొప్పదేం కాదు బిడ్డా" అన్నాడు. "ఎండకాలం పులుపు, చలికాలం నీళ్లు. తోడు ఖరాబైతే ప్యాకెట్ పెరుగే ఏసేది. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. "మరి రోజు మళ్ల మళ్ల ఏసుకునేటోనివి కద బాపూ?"

ఆయన గట్టు మీద నీటి చుక్కను చేత్తో తుడిచాడు. "అందరికి వడ్డించి, పెరుగు గిన్నె తెచ్చినంకనే మీ అమ్మ నా పక్కన కూసునేది. దుకాణం ముచ్చట, నీ ముచ్చట, ఏదో ఒకటి అప్పుడే మాట్లాడుకునేటోళ్లం. పెరుగు అయిపోతే ముచ్చట గూడ అయిపోతదని మెల్లగ తినేటోణ్ణి. ఇప్పుడు నువ్వు గిన్నె వెట్టి లోపలికి పోతవు. ఒక్కణ్ణి ఏం తిననే?"

ఆ మాట నిజం. గిన్నె పెట్టగానే నేను వంటింట్లోకి వెళ్లి, గుమ్మం చాటు నుంచి ఆయన తింటున్నాడో లేదో గమనించేదాన్ని.

ఆ రాత్రి తొడిమల పెరుగు తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆఫీసులో ఒక ప్రోగ్రాం ఎందుకు ఆగిపోతోందో, నేను దాన్ని ఎలా పట్టుకున్నానో చెప్పడం మొదలుపెట్టాను. బాపు అన్నం కలుపుతూ విన్నాడు.

"అర్థమైతాందా బాపూ?"

"కాలే" అన్నాడు, పెరుగు గరిటె అందుకుంటూ. "నువ్వు చెప్పు."

బాపు కూడా పోయి కొంతకాలమైంది. గ్లాసులకు చీటీలు అంటించి, వంటింట్లో ఊపిరి బిగబట్టి గాలికోసం కాచుకున్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. కొంచెం నవ్వొస్తుంది. అంత కష్టపడే బదులు, వెళ్లి ఆయన పక్కన కూర్చోవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. ముందు పరీక్షించి చూడాలి అనేది.