బండి కాళ్లు చూసిన బామ్మర్ది

రాయాలా వద్దా అని టీ చల్లారేదాకా ఆలోచించాను. అసూయతో రాసిన మాట ఎవరికి రుచిస్తుంది? కానీ కడుపు మండుతోంది, రాసేస్తున్నా.

మా పికప్ బండి కొన్నాళ్లుగా, ఇంజన్ ఆపకుండా నిలబెడితే చలిజ్వరం పట్టినట్టు వణికేది. వనపర్తి రోడ్డు మీద ఏ బండికైనా చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి నేనే. ఒకసారి హోటల్లో దోసె తింటూనే బయట ఆగిన జీపు రోగం చెప్పాను. ఆ దోసె చల్లారిపోయింది, అది వేరే కథ. నా బండికి మాత్రం డీజిల్ ఫిల్టర్ మార్చినా, ఇంజెక్టర్లు విప్పించినా వణుకు పోలేదు.

పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే మా బామ్మర్ది ఈ రోజు ఇంటికొచ్చాడు. వాడికి బండి నడపడమే రాదు. చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచేయి వేసి, వంగి కిందికి చూశాడు.

"ఏంది బామ్మర్దీ, ఎద్దుకు చూసినట్టు నోరు తెరిచి పండ్లు గూడ చూస్తవా?" అన్నాను.

"ఎద్దు వణికితె ముందుగాల కాళ్లు చూస్తం బావా. నువ్వు కడుపు కోసి చూసినవ్. ఇగో, దీని కాలొకటి ఇరిగింది."

ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మ ఒకటి నిలువునా చీలి ఉంది. కొత్తది వేయించగానే బండి బుద్ధిగా నిలబడింది. మా ఆవిడ తమ్ముడికి కోడికూర వండింది. నేను ఫిల్టర్ మార్చిన రోజు నాకు పచ్చిపులుసే. మీ ఇళ్లలోనూ ఇలాంటి బామ్మర్దులుంటే చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.

ఇందాకే ఎదురింటి నర్సింలు తన ఆటో తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. చప్పుడు తేడాగా ఉంది. చెవి రిక్కించి లేచాను.

"కాకా, నీ బామ్మర్ది ఉన్నడా?" అని అడిగాడు.

లోపల తింటున్నాడని చెప్పాను.