జులైలో వానలేంది?

మాది మనుబోలు దగ్గర పల్లె. మాకు వానలంటే కార్తీక మాసమే. రెండేళ్ళ క్రితం జులైలో, ఎండలకు తాళలేక, మా ఆయన, అత్తమ్మ, నేను కారులో కర్ణాటక కొండ అడవులు చూడ్డానికి పోయాం. గొడుగులు పెట్టుకుందామంటే మా ఆయన నవ్వారు.

"జులైలో వానలేందమ్మే?"

అక్కడ రెండు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు ఎండ కాసింది. అడవిలో చీలమండల్లోతు వాగు కనిపిస్తే, దాని మధ్యలో ఉన్న బండ మీద కూర్చుని పులిహోర విప్పాం. గట్టు మీద నుంచి ఒకాయన వాళ్ళ భాషలో కేకలేస్తూ చేతులూపాడు.

"ఇక్కడ తినగూడదంటన్నాడేమో. బిన్నా తినేయండి, పోదాం" అన్నారు మా ఆయన.

అంతలో తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చాయి. మా పొలం కాలవకు పైనుంచి నీళ్ళు వదిలితే ముందు వచ్చేది ఆ చెత్తే.

"లేయండి, పైనుంచి నీళ్ళొస్తా ఉండాయి" అన్నాను.

అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తుంటే సగం దారిలోనే నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కాళ్ళ కింద రాళ్ళు కదిలాయి. ఆ గట్టు మీదాయనే దిగొచ్చి అత్తమ్మను పైకి లాగాడు. తిరిగి చూస్తే మేం కూర్చున్న బండ కనబడలేదు. వాన పడింది పైన కొండల్లోనట. మా నెత్తిన ఇంకా ఎండ కాస్తూనే ఉంది.

అక్కడికి కార్తీకం దాటాక వెళ్ళాలట. అప్పుడు మాకు వరి నాట్లు, కదలలేం.

ఇప్పటికీ కాలవకు ఎర్రనీళ్ళు వచ్చాయంటే చేలో అందరికీ సంతోషం. నేను మాత్రం ముందు అత్తమ్మ ఎక్కడుందో చూసుకుంటాను.