గోటి దెబ్బ

మట్టిపూసలూ గుడ్డా కలిపి హారాలు చేసే ఆ అక్క, కాల్చిన ప్రతి పూసనూ చెవి దగ్గర పెట్టి గోటితో కొడుతుంది. ఖంగుమంటే హారంలోకి, బొంగురుపోతే బుట్టలోకి. ఇవాళ ఎదురుగా ఒకామె కూర్చుంది. చనిపోయిన తల్లి శాలువాలో మిగిలిన ఒక్క పేలికను తాడుగా పేనమని ఇచ్చింది. తీరా చూస్తే బట్టీలో పూసలు మరీ కుంచించుకుపోయాయి. రంధ్రాల్లో తాడు దూరడం లేదు.

"గుడ్డ కాస్త సన్నగా కత్తిరించెయ్యక్కా."

"మట్టిదేముంది, మళ్ళీ తొక్కుకుంటాం. మీ అమ్మ శాలువా మళ్ళీ వస్తుందా?"

ఊపిరి బిగబట్టి, సన్నటి ఆకురాయితో ఒక్కో రంధ్రాన్నీ పెద్దది చేసింది. చివరగా నడిమి పూసను కొట్టి చూస్తే బొంగురుగా పలికింది.

"పైకి బాగానే ఉందిగా అక్కా?"

"లోపలి పగులు నీకు కనపడలేదు. నాకు వినపడింది."

పూసను బుట్టలో పడేసి, ఆ చోట శాలువా తాడునే ముడి వేసింది. హారం మెడలో పడగానే ఆమె వేళ్ళు పూసలన్నీ దాటి ముడి దగ్గర ఆగాయి.