నాలుగు బీడీల దూరం

నవంబరు రెండో ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. కరీంనగర్‌లో మా మేడమీది గోడకు తగిలించిన ఉష్ణమాపకం పద్దెనిమిది డిగ్రీలు చూపుతోంది. పలుచని మంచు, గాలి లేదు. ఆ ఉదయం నేను ఈల వేశానని నా భార్య ఇప్పటికీ అంటుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో గణితం బోధించినవాడు అరవై ఎనిమిదో ఏట ఈల వేశాడంటే నమ్మడం కష్టం. కాని ఆమె మాటను కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఎదుట బల్లమీద పటం పరచి ఉంది. ఆసిఫాబాద్ దాటాక మొదలయ్యే కొండల గుండా ఉట్నూరు దాకా కాలినడకన నాలుగు రోజుల ప్రయాణానికి మేము సిద్ధమవుతున్నాం. మేము అంటే నేనూ, మా పక్కింటి మిత్రుడూ. ఆయన గ్రానైటు వ్యాపారి. రాతిని వేలితో తట్టి లోపల పగులుందో లేదో చెప్పగలడు గాని, గడియారం చూసి సమయం చెప్పమంటే "ఎనిమిది అవుతుండొచ్చు" అంటాడు.

ప్రయాణానికి ఒక అడ్డంకి ఉంది. కిందటి నెల సాధన పేరుతో ఇద్దరం కొండగట్టు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాం. మర్నాడు కుర్చీలోంచి లేవడానికి నాకు గోడ సాయం కావలసి వచ్చింది. అది చూసి నా భార్య ఒక షరతు పెట్టింది: ఏ రోజైనా నడక పన్నెండు కిలోమీటర్లు దాటితే ప్రయాణం మొత్తం బంద్. మొదటి రోజు పదకొండు, మూడో రోజు పన్నెండు, నాలుగో రోజు పది. రెండో రోజు ఒక్కటే తేలలేదు. కెరమెరి వైపు పత్తి సాగు చేసే మా బావమరిది ఊరి నుంచి కొండ మీదుగా పోయే ఆ అడవి దారి పటంలో లేదు.

ఆయనకే ఫోను చేసి, మిత్రుడికి కూడా వినిపించేలా పెట్టాను.

"గా తొవ్వనా? గీడనే బావా."

"గీడనే అంటే ఎన్ని కిలోమీటర్లు?"

"కిలోమీటర్లు ఎవలు చూసిండ్రు? నాలుగు బీడీల దూరం."

"ఒక బీడీకి ఎంతసేపు నడుస్తావు?"

"నేను బీడీ బంద్ జేసి మూడేండ్లాయె. గిప్పుడు ఎంతైతదో నాకేమెర్క?"

ఫోను పెట్టేశాక మేమిద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. మిత్రుడు లేచి నిలబడ్డాడు. "ఫికర్ ఎందుకు సారూ, కొలుద్దాం!" అని వీధి చివరి దుకాణం నుంచి ఒక బీడీ కట్ట తెచ్చాడు. ఆయన జీవితంలో పొగ తాగినవాడు కాడు. ఒకటి ముట్టించి, దగ్గుతూ మేడమీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడవసాగాడు. నేను గడియారం పట్టుకుని వెంట నడిచాను. బీడీ రెండుసార్లు ఆరిపోయింది, రెండుసార్లు ముట్టించాం. సరిగ్గా ఏడు నిమిషాలు. గంటకు నాలుగు కిలోమీటర్ల నడక చొప్పున నాలుగు బీడీలకు ఒక కిలోమీటరు ఎనిమిది వందల అరవై ఆరు మీటర్లు! రెండు కిలోమీటర్లైనా లేదు. మేము చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుండగా నా భార్య చాయ్ పళ్లెంతో పైకి వచ్చింది.

"ఏందిది? పొద్దుగాల్నే ఇద్దరికీ పిచ్చి లేసిందా?"

లెక్క వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"లెక్కల సారూ, ఒక బీడీకీ ఇంకో బీడీకీ నడుమ ఎంతసేపు ఆగుతరో గది లెక్కవెట్టిండ్రా?"

పెట్టలేదు. మనిషి ఆగకుండా బీడీ వెంట బీడీ తాగుతూ కొండ ఎక్కుతాడని అనుకున్నాను.

ఆమె ఫోను అందుకుంది. "మా తమ్ముడు గీడనే అన్నడంటే రమ్మంటున్నడు, అంతే. గది దూరం గాదు. నేనడుగుత, సూడుండ్రి." తరువాత అందరికీ వినిపించేలా పెట్టి తమ్ముడితో అంది: "తమ్మీ, బావతోని నేను గూడ నడిచి వస్తున్న. రెండో దినం ఎంత దూరం?"

అవతల గొంతు ఒక్కసారిగా పెరిగింది.

"అక్కా, నువ్వా! వద్దు వద్దు, అది మస్తు దూరం. పద్దెనిమిది కిలోమీటర్లు! మోటర్ సైకిల్ మీద కొలిచిన. అంతా ఎక్కుడే."

మిత్రుడు చాయ్ కప్పు కింద పెట్టాడు. నేను పటం మడవసాగాను. షరతు నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. ఆ క్షణంలో ఉట్నూరు చంద్రమండలమంత దూరం జరిగింది.

కాని ఫోనులో బావమరిది పరేషాన్ ఇంకా తగ్గలేదు. "అక్కా, నువ్వు రానే వస్తనంటే ఒక్క దినంల నడవద్దు. తొవ్వకు సరిగ్గ నడుమ ఒక గూడెమున్నది, గూడెం పెద్ద పటేల్ నాకు దోస్తు. రాత్రి ఆడ పండుండ్రి."

"మరి గీ ముచ్చట బావకెందుకు చెప్పలే?"

"బావ గదంతా యాడ అడిగిండు? కిలోమీటర్లే అడిగిండు."

తొమ్మిది, తొమ్మిది. రెండూ పన్నెండు లోపే. మిత్రుడు "వాహ్ భాభీ!" అని అరిచిన అరుపుకు ఎదురింటి మేడమీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. నేను పటం మళ్లీ పరిచాను.

"దూరం తెలిసింది కదా, ఇక నువ్వు రానవసరం లేదు," అన్నాను.

"వస్తనని తమ్మునికి చెప్పిన. మాట తప్పుమంటరా?" అని ఆమె కిందికి దిగి, అయిదు నిమిషాల్లో సకినాల డబ్బాతో తిరిగొచ్చింది. తూచి చూశాను. బరువు తక్కువే గాని అది ప్రయాణపు సంచిలో సగం జాగా ఆక్రమించింది. దారిలో చలి కొలవడానికి సర్దుకున్న రెండో ఉష్ణమాపకం తీసి పక్కన పెట్టి డబ్బాకు చోటిచ్చాను. అప్పుడు నేను మళ్లీ ఈల వేశానట. ఈసారి సాక్షులు ఇద్దరు.

తుది లెక్క ఇది: మనుషులు ముగ్గురు, రోజులు అయిదు, దూరం యాభై ఒక్క కిలోమీటర్లు.